నలభై వేలే తిరిగింది... అయితే ఏటట?

సెకండ్ హాండ్ కారు అమ్మేవాడి నోట మూడే మూడు ముక్కలొస్తాయి. "సింగిల్ ఓనరు సార్. డాక్టరు గారి బండి. నలభై వేలే తిరిగింది." శ్రీకాకుళంలో అడిగినా ఇదే మంత్రం, విజయనగరంలో అడిగినా ఇదే మంత్రం. మనవాళ్ళు, అంటే రోజంతా లాగ్ ఫైళ్ళు చదివి, చిన్న రిలీజుకి కూడా నాలుగు అప్రూవల్స్ అడిగే సాఫ్ట్‌వేర్ జనాభా, ఈ మంత్రం చెవిన పడగానే బుద్ధిగా ఆరేడు లక్షలు సమర్పించుకుని వస్తున్నారు. నేననేదేమిటంటే, ఆ కారు ఇంకో ఏడెనిమిదేళ్ళు నమ్మకంగా నడుస్తుందా లేదా అన్నది ఈ మూడు ముక్కల్లో ఒక్కటి కూడా చెప్పదు. పైగా ఆ మూడోది, నలభై వేల సంగతి, మన సముద్రపు ఒడ్డు జిల్లాల్లో మంచి గుర్తు కాదు సరికదా, చాలాసార్లు చెడ్డ గుర్తు.

అసలు ఈ కార్లు ఎవరు, ఎందుకు కొంటున్నారో ముందు చూడండి. కొడుకు హైదరాబాదులోనో బెంగుళూరులోనో, ఇంకా కుదిరితే డాలస్‌లోనో ఉంటాడు. అమ్మానాన్నా టెక్కలిలోనో బొబ్బిలిలోనో ఉంటారు. "ఊళ్ళో నాన్నకి ఒక కారుండాలి" అనుకుంటాడు. కొత్తది దండగ. చిన్న కారైతే మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి ఎక్కడం దిగడం కష్టం, వెనకసీటు ఇరుకు. అందుకని పాత సెడాన్. సిటీ, వెర్నా, సియాజ్, వెంటో, ర్యాపిడ్, ఇలా. ఆ కారు దర్జా కోసం కాదు. మన జిల్లాల్లో పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నమే దిక్కు. శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్ల పైమాటే, ఇచ్ఛాపురం నుంచైతే దానికి రెట్టింపు దాటుతుంది. అర్ధరాత్రి వెనకసీట్లో నాన్న గుండె పట్టుకుని కూర్చుంటే, రణస్థలం దాటాక డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగిందనుకోండి. ఆ దీపానికి మీ రీసేల్ వాల్యూ లెక్కలేవీ తెలియవు.

కాబట్టి రిలయబిలిటీ అంటే మనకి ఒకటే ప్రశ్న. నెలకి రెండు మూడుసార్లు బయటికి తీసే కారు, తీసిన ఆ రోజు మొరాయించకుండా విశాఖ చేర్చగలదా? మిగతావన్నీ పత్రికల్లో రాసుకునే కబుర్లు.

ఇప్పుడా నలభై వేల లెక్క చూద్దాం. తొమ్మిదేళ్ళ కారు నలభై వేలు తిరిగిందంటే ఏడాదికి నాలుగున్నర వేల లోపు, రోజుకి పన్నెండు కిలోమీటర్లు. అలా తిరగాలంటే రెండే దారులు. ఒకటి, రోజూ ఇంటి నుంచి క్లినిక్కుకి ఆరు, తిరిగి ఆరు. రెండు, నెలంతా షెడ్డులో పడుంటుంది, పెళ్ళికో తద్దినానికో బయటికొస్తుంది. ఈ రెండూ ఇంజనుకి మంచివి కావు. ఆరు కిలోమీటర్లు పోయి ఆగిపోయే ఇంజను పూర్తిగా వేడెక్కదు. వేడెక్కకపోతే ఆయిల్లోకి దిగిన నీటితేమ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరై బయటికి పోవు. ఆయిల్ పలచబడి, మడ్డి కడుతుంది. సైలెన్సర్లో చేరిన నీరు అక్కడే ఉండి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. స్టార్ట్ చేసినప్పుడు వాడిన కరెంటు ఆ పన్నెండు నిమిషాల్లో బ్యాటరీకి సరిగ్గా తిరిగి రాదు. ఇన్ని జరుగుతుంటే ఓనరు గారు మాత్రం, "మనది తిరగలేదు కదా" అని ఏడాదికోసారి మార్చాల్సిన ఆయిల్ మూడేళ్ళకి మారుస్తారు. కంపెనీ పుస్తకంలో "పదివేల కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది" అని ఉంటుంది. మనవాళ్ళ కళ్ళకి అందులో మొదటి సగమే కనపడుతుంది.

ఇక షెడ్డులో నిలబడ్డ కారు సంగతి. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్పలో కారుకి దక్కే వాటా ఉప్పుగాలి. బారువ, కళింగపట్నం, భావనపాడు, ఇటు పూసపాటిరేగ దగ్గర చింతపల్లి, ఈ ఊళ్ళలో కిటికీ ఊచలు ఎన్నేళ్ళుంటాయో అక్కడి అమ్మమ్మల్ని అడగండి. అదే గాలి కారు కిందా చేరుతుంది. బ్రేకు డిస్కులు పైపైన తుప్పు పడితే నాలుగు బ్రేకులు కొడితే పోతుంది గానీ, కాలిపర్ పిన్నులు బిగుసుకుంటే పోదు. ఏసీ కండెన్సరు రెక్కలు పొడిపొడిగా రాలతాయి. వైర్ల కనెక్టర్లలో పచ్చటి పొర కడుతుంది. అది కట్టిన కారుకి వచ్చే జబ్బులు మనకి బాగా తెలిసిన రకమే: ఒకసారి వస్తుంది, మెకానిక్ దగ్గరికి తీసుకెళితే కనపడదు, ఇంటికొచ్చాక మళ్ళీ వస్తుంది.

రబ్బరు సంగతి ఇంకా అన్యాయం. బెల్టులు, బుష్షులు, సీళ్ళు, హోస్‌లు, టైర్లు కిలోమీటర్లు లెక్కపెట్టుకోవు, క్యాలెండర్ చూసుకుంటాయి. టైరు పక్కన నాలుగంకెల కోడు ఉంటుంది. 2317 అని ఉంటే 2017లో ఇరవైమూడో వారంలో పుట్టిన టైరు. "సార్ టైర్లు ఎనభై శాతం ఉన్నాయి" అని అమ్మేవాడు గాడులు చూపిస్తాడు. గాడులుంటాయి, తిరగలేదు కాబట్టి! కానీ మే నెల ఎండలో నేషనల్ హైవే మీద నూరు వేగంలో పేలేది ఆ పాతటైరే. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. నిలబడ్డ కారుకి దాన్ని మార్చినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. ఇవి చాలనట్టు, ధాన్యం బస్తాల పక్కనే షెడ్డు కాబట్టి ఎలకలు వైరింగు మీద విందు చేసుకుంటాయి.

మా నరసన్నపేట వైపు ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు, చదివింది ఐదో క్లాసు. ఆయన మాట: "బాబూ, బండంటే ఎద్దులాటిది. తోల్తే కాళ్ళాడతాయి. కట్టేస్తే పడిపోద్ది." రిలయబిలిటీ ఇంజనీరింగులో నేను చదివిన రెండు పుస్తకాలకన్నా ఈ మాటలో సరుకెక్కువుంది.

మరి నన్నడిగితే ఏది కొంటాను? విశాఖ నుంచి పైడిభీమవరం మందుల ఫాక్టరీకి రోజూ వెళ్ళొచ్చే ఇంజనీరు కారు, లక్షా పదివేలు తిరిగినది, పదివేలకోసారి సర్వీసు బిల్లున్నది. దాని ఇంజను రోజూ వేడెక్కింది, హైవే మీద టాప్ గేరులో తిరిగింది, క్లచ్ తక్కువ వాడింది, ఆయిల్ ఏడాదికి రెండుసార్లు మారింది. మన బజారులో దీని ధర ఆ నలభై వేల కారు కన్నా లక్ష, లక్షన్నర తక్కువ చెబుతారు. అంటే ఆరోగ్యంగా ఉన్న కారు చవక, జబ్బు దాచుకున్న కారు ఖరీదు. ఇలాంటి బజారులో తెలివైనవాడు లాభపడాలి కదా? మనవాళ్ళు వెళ్ళి ఆ ఖరీదైన దాన్నే కొంటున్నారు! అలాగని ఎక్కువ తిరిగినవన్నీ మంచివని నేననడంలేదు. ట్రావెల్సులో తిరిగి, ఊరికో డ్రైవరు మారి, తర్వాత సొంత బండిగా రంగు మార్చుకున్నవీ ఉంటాయి. తిరిగిన అంకె కన్నా తిరిగిన తీరు ముఖ్యం అంటున్నాను, అంతే.

అన్నట్టు, ఆ అంకెని మాత్రం ఎందుకు నమ్మాలి? అదొక టేబుల్లో ఒక కాలమ్. అప్‌డేట్ చేసే పర్మిషను చేతిలో లాప్‌టాపున్న ప్రతివాడికీ ఉంది, ఆడిట్ ట్రయల్ లేదు. ఇలాంటి డేటాబేసుని మీ ఆఫీసులో ఎవరైనా డిజైన్ చేస్తే ఊరుకుంటారా? కాబట్టి ఆ కాలమ్‌ని వదిలేసి చుట్టుపక్కల లాగ్‌లు చూడండి. కంపెనీ సర్వీసు సెంటర్లో ప్రతి సర్వీసుకీ రీడింగు రాసుకుంటారు, ఆ హిస్టరీ ఓనరుతోనే అడిగించండి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ఓనరుని ఆ స్టేట్‌మెంటు ఒక ఏడాదిది చూపించమనండి. మడపాం, నాతవలస టోల్ గేట్ల దగ్గర ఆ కారు ఎన్నిసార్లు దాటిందో తేదీ, టైముతో సహా ఉంటుంది. రోజూ దాటిందా, ఆర్నెల్లకోసారి దాటిందా అన్నది తెలిస్తే కారు జీవితచరిత్ర సగం తెలిసినట్టే. చూపించనంటే ఎందుకు చూపించడో మీరే ఆలోచించుకోండి.

మిగతా రెండు ముక్కల సంగతి కూడా తేల్చేస్తాను. సింగిల్ ఓనరు అంటే పేరు ఒక్కసారే రాశారని అర్థం. తొమ్మిదేళ్ళపాటు ఒకే మనిషి ఒకే నిర్లక్ష్యంతో వాడినా సింగిల్ ఓనరే. ఇక డాక్టరు గారి బండి. రెండు జిల్లాల్లో ఉన్న డాక్టర్లందరూ నెలకో కారు అమ్మితే తప్ప బజారులో ఇన్ని డాక్టరు గారి బండ్లు రావు. ఒకవేళ నిజంగా డాక్టరు గారిదే అయినా, ఇల్లు, క్లినిక్కు, ఇల్లు. పైన చెప్పిన ఆరు కిలోమీటర్ల జబ్బు దానికే ఎక్కువ.

ఇప్పుడు మన ఇళ్ళల్లో కులం కన్నా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం దగ్గరికొద్దాం. బ్రాండు. "హోండా అయితే కళ్ళు మూసుకుని కొను. జర్మన్ బండి జోలికి పోకు." ఈ మాటల వెనక కొంత నిజం లేకపోలేదు. ఫోక్స్‌వాగన్ వాళ్ళ ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్సు గొడవ పెద్దదే. 2013లో ఒక్క చైనాలోనే 3,84,181 కార్లని వెనక్కి పిలిపించారు. ఆ గేర్‌బాక్సున్న పాత వెంటోని టెక్కలిలో పెట్టుకోవడం సాహసమే. కానీ అదే వెంటో మాన్యువల్ గేరుతో వేరే కథ. బ్రాండు అనేది లక్ష కార్ల సగటు. మీరు కొనేది సగటుని కాదు, ఒక్క కారుని.

ఆ కళ్ళు మూసుకుని కొనే హోండానే తీసుకోండి. టకాటా ఎయిర్‌బ్యాగుల గొడవ గుర్తుందా? అందులో ఇన్‌ఫ్లేటరుకి వాడిన అమ్మోనియం నైట్రేటు ఏళ్ళ తరబడి వేడిలో, తేమలో ఉంటే పాడై, బ్యాగు విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు విసురుతుంది. ప్రపంచమంతా చాలా కంపెనీల కార్లని వెనక్కి పిలిచారు. మన దేశంలో కూడా హోండా పాత సిటీలని దశలవారీగా పిలిచి మార్చింది. 2017 జనవరిలో 2012 నాటి సిటీల వంతొచ్చింది. వేడి, తేమ అంటే ఏమిటో మన ఊళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా? బ్రాండు మంచిదే, కంపెనీ ఉచితంగానే మార్చింది. కానీ మీరు కొనబోయే ఆ ఒక్క కారుకి మార్చారా లేదా? ఛాసిస్ నంబరు కొడితే కంపెనీ సైటులోనే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కళ్ళు మూసుకుంటే ఆ రెండు నిమిషాలు ఎలా చూస్తారు?

ఇంకో ముఖ్యమైన సంగతి. మనందరికీ ఎంటీబీఎఫ్ తెలుసు, ఎంటీటీఆర్ కూడా తెలుసు. ఎన్నాళ్ళకోసారి చెడిపోతుంది అన్నది మొదటిది, చెడితే ఎంతసేపట్లో బాగవుతుంది అన్నది రెండోది. సర్వరు కొనేటప్పుడు రెండూ అడుగుతాం, కారు కొనేటప్పుడు మొదటిదే అడుగుతాం. హైదరాబాదులో కారు ఆగితే గంటలో లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. పాలకొండలో ఆగితే? సియాజ్ డీజిల్లో వచ్చిన 1.3 లీటర్ల ఫియట్ ఇంజను చూడండి. స్విఫ్టు, డిజైరు, ఎర్టిగా, ఇండికా విస్టా, లీనియా, ఇన్నిట్లో అదే ఇంజను. 2020లో ఆపేశారు గానీ, దాన్ని విప్పి బిగించగల మెకానిక్కు సాలూరులోనూ ఉంటాడు, సోంపేటలోనూ ఉంటాడు, పార్టు దొరుకుతుంది. అదే జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డు 2021 సెప్టెంబరులో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. వాళ్ళ కార్లు చెడ్డవని కాదు, వాటిలో గట్టివి చాలా ఉన్నాయి. కానీ ఒక సెన్సరు కోసం మీ నాన్న పదిహేను రోజులు కారు లేకుండా కూర్చుంటే అది గట్టి కారు ఎలా అవుతుంది? మీ ఊరి మెకానిక్‌కి తెలిసిన కారే రిలయబుల్ కారు.

డీజిలా, పెట్రోలా అన్నది కూడా ఈ లెక్కలోదే. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్లో మసిని పట్టే ఫిల్టరుంటుంది. అది తనను తాను కాల్చుకుని శుభ్రపడాలంటే కారు అడపాదడపా హైవే మీద కాసేపు ఆగకుండా పోవాలి. రైతుబజారు, గుడి, ఇల్లు తిరిగే నాన్నకి అది కొనిపెడితే ఫిల్టరు మూసుకుపోయి, వేలకి వేలు బిల్లు. ఆయనకి పెట్రోలే మేలు. పెట్రోల్లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ గొడవొకటి. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన కార్లు చాలావరకు దానికోసం చేసినవి కావు. మైలేజీ కొంత తగ్గుతుంది. అంతకన్నా, ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పాత పెట్రోలు నిలవుంచిన కారుతో జాగ్రత్త. మళ్ళీ అదే, నిలబడ్డ కారు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. మనకి తుఫాన్లు బంధువుల్లాగా వస్తుంటాయి. మన తుఫాన్లు చాలక పక్క ఊళ్ళ వరదలు కూడా మన బజారుకే వస్తాయి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కార్లు కూడా మునిగాయి. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్ కింద డబ్బిచ్చేసి, ఆ కారుని వేలంలో అమ్మేస్తుంది. అది తుక్కుకి పోతుందనుకుంటున్నారా? కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, నాలుగు వందల కిలోమీటర్ల అవతల "డాక్టరు గారి బండి" అయిపోతుంది. కాబట్టి సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత ఉందేమో. కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల తుప్పు చూడండి. స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టండి. పక్క రాష్ట్రం నంబరైతే ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ టాక్సు లెక్క కలుపుకున్నాకే చవకో కాదో తేల్చండి. ఢిల్లీలో పాత డీజిళ్ళ మీద ఆంక్షలు వచ్చినప్పటి నుంచి అక్కడి కార్లు కూడా దక్షిణాదికి తీర్థయాత్రకొస్తున్నాయి.

యాక్సిడెంటు సంగతి అమ్మేవాడు చెప్పడు, బీమా కాగితం చెబుతుంది. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక గడి ఉంటుంది. క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతం, తర్వాత వరసగా 25, 35, 45, ఐదేళ్ళకి 50. క్లెయిమ్ చేస్తే మళ్ళీ సున్నా. ఎనిమిదేళ్ళ కారు, "గీత కూడా పడలేదు సార్" అన్నవాడి కాగితంలో 20 ఉంటే, రెండేళ్ళ కింద ఏటయ్యిందని అడగండి. ఈ బోనసు మనిషిది, కారుది కాదు, కాబట్టి పాత కారు నుంచి తెచ్చుకున్న 50 కూడా కావచ్చు. అయినా మంచి ఆనవాలే.

ఇంకోటి మన జాతికి సరిపోయేది. 2013 ఏప్రిల్ తర్వాతి కార్లలో ఓబీడీ పోర్టుంటుంది. వెయ్యి రూపాయల బ్లూటూత్ ముక్క గుచ్చి, ఫోన్లో చూస్తే ఎర్రర్ కోడ్లు కనపడతాయి. తెలివైన అమ్మకందారు ముందురోజే అవి చెరిపేస్తాడు. కానీ చెరిపిన సంగతి తనంత తను చెరగదు. చాలా కార్లలో "కోడ్లు చెరిపాక తిరిగిన దూరం" అని ఒక విలువ దొరుకుతుంది, పదహారు బిట్లది, 65,535 దాకా లెక్కపెడుతుంది. అక్కడ 8 కిలోమీటర్లని కనపడితే, ఇక ఆ కారు గురించి నన్నడక్కండి. పొద్దున్న ఆరింటికే వెళ్ళండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేశాడన్నమాట. చల్లటి ఇంజను మొదటి పది సెకన్లు చెప్పినన్ని నిజాలు ఎవరూ చెప్పరు.

"ఇంత గోల ఎందుకు, రెండువందల పాయింట్ల తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తున్నారుగా" అంటారు. ఆ పాయింట్లలో అద్దం మడుస్తుందా, హారను మోగుతుందా అన్నవీ ఉంటాయి. యూనిట్ టెస్టులన్నీ పచ్చగా ఉండి ప్రొడక్షన్లో పడుకున్న అప్లికేషన్లు మీరెన్ని చూళ్ళేదు? ఆ తనిఖీ ఈరోజు ఏది పనిచేస్తోందో చెబుతుంది. ఏది అరిగిందో, ఏది ఎండిందో, ఏది వచ్చే వానాకాలానికి పోతుందో చెప్పదు. వాళ్ళిచ్చే వారంటీ కాగితం వెనక చిన్నక్షరాలు చదవండి. రబ్బరు, క్లచ్, బ్యాటరీ, సస్పెన్షను, ఇలా పోయేవాటిలో ఏవేవి మినహాయించారో అక్కడుంటుంది.

ఇదంతా మన నెత్తినే ఎందుకు పడిందంటే, సర్కారు చెయ్యాల్సిన పని చెయ్యలేదు కాబట్టి. బ్రిటన్లో కారుకి మూడేళ్ళు నిండాక ఏటా ఎంవోటీ పరీక్ష. ఎవరైనా సరే నంబరు కొడితే, ఏ ఏడు ఎంత రీడింగు, ఎందులో ఫెయిలయ్యింది, బ్రేకు పైపు తుప్పు పట్టిందా, అన్నీ ఉచితంగా తెరమీద కనపడతాయి. జపానులో మొదట మూడేళ్ళకి, తర్వాత రెండేళ్ళకోసారి షాకెన్ పరీక్ష. మన దేశంలో సొంత కారుకి మొదటి ఫిట్‌నెస్ పరీక్ష పదిహేనేళ్ళకి! అప్పటిదాకా దాని బ్రేకులు ఎలా ఉన్నాయని ప్రభుత్వం తరఫున అడిగే నాథుడు లేడు. ఎంపరివాహన్‌లో నంబరు కొడితే బీమా ఎప్పటిదాకో, అప్పు ఉందో లేదో తెలుస్తుంది. ఎంత తిరిగిందో తెలీదు.

అసలు దీనికి కొత్త వ్యవస్థ కూడా అక్కర్లేదు. పొల్యూషను సర్టిఫికెట్ ప్రతి కారుకీ ఏడాదికోసారి తీసుకోవాలి. అక్కడి కుర్రాడు ఎలాగూ నంబరుప్లేటు ఫోటో తీసి కంప్యూటర్లో ఎక్కిస్తాడు. పక్కనే మీటరు ఫోటో కూడా తీసి, ఒక్క కాలమ్ కలిపితే చాలు, దేశంలో సగం మీటరు మోసాలు ఆగిపోతాయి. ఇంత డిజిటల్ అని జబ్బలు చరుచుకునే మనకి ఒక్క కాలమ్ బరువైపోయిందా? ఇందులో ప్రైవసీ ఏం పోతుందో నాకర్థం కాదు. కారు ఎక్కడికి వెళ్ళిందో అడగట్లేదు, ఎంత తిరిగిందో అడుగుతున్నాం. ఈ కాలమ్ ఇన్నాళ్ళూ లేకపోవడం వల్ల లాభపడుతున్నది ఎవరో చెప్పడానికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు.

"అన్నీ చూస్తే ఏ కారూ కొనలేం" అని మీరనొచ్చు. కొనగలరు. చేతిలో ఆరు లక్షలుంటే అయిదు లక్షల పాతిక వేల కారే చూడండి. మిగిలిన డెబ్బై అయిదు వేలూ కొన్న వారంలోనే ఖర్చుపెట్టండి: నాలుగు టైర్లు, బ్యాటరీ, అన్ని ఆయిళ్ళు, కూలెంటు, బెల్టులు, ఎండిన బుష్షులు. ఇది దుబారా కాదు, అసలు ధరలో భాగం. తర్వాత అసలు పని ఇంకోటుంది. నాన్నకి చెప్పండి, వారానికోసారి పాతిక కిలోమీటర్లు తిప్పమని. ఆయన కాదంటే పక్కింటి కుర్రాడికి నాలుగొందలిచ్చి తిప్పించండి. ఎంత మంచి కారు కొన్నా, మూడేళ్ళు కవరు కప్పి ఉంచితే మీ కారు కూడా రేపు ఇంకొకడికి "నలభై వేలే తిరిగిన బండి" అవుతుంది.

ఇంకా మీటరు అంకె చూసే కొంటామంటారా, మీ డబ్బు మీ ఇష్టం. వెనకసీట్లో కూర్చునేది మాత్రం మీ నాన్న. ఈసారి అమ్మేవాణ్ణి ఎంత తిరిగిందని అడక్కండి. తిరగనప్పుడు ఎక్కడ నిలబెట్టారని అడగండి. వాడి దగ్గర దానికి సిద్ధంగా ఉన్న మంత్రమేదీ లేదు.